గాలిని ఎరువుగా మార్చిన కార్ల్ బాష్

తెలుగున సురేకారమునకు పెట్లుప్పు అను పేరు కూడ కలదు. ఆ మాట చెవిని పడగానే పేలెడు ఉప్పు అను భావము మనస్సునకు తట్టును. బాణసంచా కట్టువారికిని, తుపాకిమందు నూరువారికిని తరతరములుగా పరిచితమైన ఆ ఉప్పులోని బలము నత్రజని సమ్మేళనమువలన కలిగినది. పైరు పచ్చనెక్కుటకు, గింజ పాలుపోసికొనుటకు వలయు బలమును నత్రజనియే. చేనికి సత్తువయైనదే తూటాకును సత్తువయగుట ప్రకృతియందలి వింతలలో నొకటి. ఆ వింతయొక్క రెండు ముఖములను ఒక్క జీవితకాలములో, తన చేతిమీదుగా చూచినవాడు కార్ల్ బాష్. రసాయనశాస్త్రము చదువు పిల్లలు హేబర్-బాష్ పద్ధతి యని వల్లెవేయుదురు గాని, ఆ జంటపేరులోని రెండవవానిగూర్చి విచారించువారు తక్కువ.

బాష్ 1874వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన జర్మనీలోని కొలోన్ నగరమున జన్మించెను. తండ్రి గ్యాసు దీపములకును, నీటి గొట్టములకును వలయు సామగ్రి అమ్ము వర్తకుడు. మోటారుబండ్ల విద్యుత్ పరికరములు చేసి జగత్ప్రసిద్ధుడైన రాబర్ట్ బాష్ ఈయనకు పినతండ్రి. ఇంటనే పనిముట్లు ఉండుటచే బాలునకు లోహపుపనియందు చిన్ననాటనే చేయి తిరిగినది. 1893లో పాఠశాల విద్య ముగించి, సైలీషియాలోని కోట్జెనౌ అను ఊరి ఇనుప కార్ఖానాలో ఒక సంవత్సరము పోతపని మొదలగు చేతిపనులు చేసెను. పిమ్మట రెండేండ్లు బెర్లిను చేరువనున్న షార్లొటెన్‌బుర్గు సాంకేతిక కళాశాలలో లోహశాస్త్రమును, యంత్రశాస్త్రమును చదివెను. 1896లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయము చేరి రసాయనశాస్త్రమునకు మారెను. విస్లిసేనస్ అను ఆచార్యునికడ పరిశోధన సలిపి 1898లో డాక్టరు పట్టము పొందెను. కొలిమికడ నిలిచిన కాళ్ళు, యంత్రమును చూచిన కన్ను, రసాయనమెరిగిన బుద్ధి ఒక్కనియందే సమకూరుట ఆ కాలమున అరుదు. ఆ మూడింటిలో నేది కొరవడినను ఆయన తరువాత చేసిన పని సాగెడిది కాదు.

1899 ఏప్రిలు నెలలో బాష్ రైను నదీతీరమందలి లుడ్విగ్స్‌హాఫెన్ పట్టణమున బి.ఎ.ఎస్.ఎఫ్. అను రంగుల కార్ఖానాలో ఉద్యోగమున చేరెను. ఆ కార్ఖానా పేరు మన కడప, నెల్లూరు మండలముల రైతులు విని యుండరు గాని దాని దెబ్బ తినియే యుండిరి. 1897లో కృత్రిమమైన నీలిమందును అంగడికి తెచ్చి, మన నీలి సాగునకు గండి కొట్టినది ఆ సంస్థయే.

చేరిన మరుసటి యేడే ఆయనకొక పరీక్ష యెదురైనది. విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ అనునాతడు భౌతిక రసాయనశాస్త్రమున మహాప్రతిష్ఠ గలవాడు. తరువాత 1909లో నోబెలు బహుమానము పొందినవాడు. గాలిలోని నత్రజనిని, ఉదజనిని కాల్చిన ఇనుముమీదుగా పోనిచ్చినచో అమ్మోనియా పుట్టుచున్నదని 1900లో ఆయన ప్రకటించి, ఆ హక్కును కొనుమని కార్ఖానాను కోరెను. నిజానిజములు తేల్చు పనిని కార్ఖానావారు యువకుడగు బాష్‌నకు ఒప్పగించిరి. బాష్ ఆ ప్రయోగమును మరల మరల చేసి చూచెను. అమ్మోనియా వచ్చుచున్నమాట నిజమే. కాని అది గాలినుండి వచ్చుచున్నదా, వేరొకచోటినుండి వచ్చుచున్నదా అని ఆయనకు సందేహము కలిగెను. విచారింపగా, ఆ ఇనుమును అంతకుమున్నే అమ్మోనియాలో కాల్చియుండుటచే దానియందు నత్రజని చేరియున్నదనియు, ఆ చేరినదే ఉదజనితో కలసి మరల వెలికి వచ్చుచున్నదనియు తేలెను. బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడు గురువు లెక్క తప్పని చూపినట్లయ్యెను. ఆస్ట్వాల్డ్‌నకు కోపము వచ్చినను, పిదప తన హక్కుపత్రమును ఉపసంహరించుకొనక తప్పలేదు. ఈ చిన్న కథను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. కంటికి కనుపించు ఫలితమును నమ్మక, అది యెచటినుండి వచ్చినదని అడుగు గుణము బాష్‌నకు పుట్టుకతో వచ్చిన సొమ్ము.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. కాని దాని అణువు బిగి వదలదు. పైరు దానిని తిన్నగా గ్రహింపజాలదు. ఐరోపా రైతులు దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఎడారులనుండి ఓడలపై వచ్చు సురేకారమును చేలకు చల్లుచుండిరి. ఆ గనులు తరిగిపోవుననియు, గాలినుండి నత్రజనిని తీయు ఉపాయము శాస్త్రజ్ఞులు కనిపెట్టనిచో గోధుమ తిను జాతులు పస్తులుండవలసివచ్చుననియు 1898లో ఇంగ్లండున సర్ విలియం క్రూక్స్ హెచ్చరించెను. ఎందరో యత్నించిరి. దారి చూపినవాడు కార్ల్స్‌రూహె నగరమున ఆచార్యుడుగానుండిన ఫ్రిట్జ్ హేబర్. సుమారు 500 డిగ్రీల వేడిలో, నూటికి మించిన వాతావరణముల ఒత్తిడిలో, ఆస్మియమను అరుదైన లోహము సన్నిధిని నత్రజనియు ఉదజనియు కలసి అమ్మోనియాగా మారునని ఆయన తన సహచరుడగు లె రొసిగ్నాల్ చేసిన చిన్న యంత్రమున చూపెను.

1909లో ఈ సంగతి కార్ఖానా పెద్దలముందునకు వచ్చినప్పుడు, అంతటి ఒత్తిడి వినియే ఒకరు నిర్ఘాంతపోయిరి. అంతకు ఎన్నో మడుగులు తక్కువ ఒత్తిడిలోనే ఆ కార్ఖానాలో ఒక పాత్ర పగిలిన అనుభవము కలదు. అధిపతియగు బ్రుంక్ బాష్‌వంక తిరిగి అభిప్రాయమడిగెను. ఉక్కు పరిశ్రమ శక్తి తానెరుగుదుననియు, సాహసింపవచ్చుననియు బాష్ చెప్పెను. ఆ జూలై 2న హేబర్ ప్రదర్శనము చూడబోయినప్పుడు యంత్రమునందొక బిగింపు తెగి పని నిలిచిపోయెను. బాష్ వేరు పనిమీద వెడలిపోగా, వెంట వచ్చిన మిట్టాష్ ఆగి, చీకటిపడుసరికి చుక్కచుక్కగా అమ్మోనియా రాలుట చూచి వచ్చెను. ఒక మహాపరిశ్రమ పుట్టుక చూచుభాగ్యము దానిని పెంచబోవువానికి ఆనాడు దక్కలేదు.

హేబర్ బల్లమీది యంత్రము గంటకొక గిన్నెడు అమ్మోనియా నిచ్చునట్టిది. దానిని టన్నులకొలది ఇచ్చు కార్ఖానాగా పెంచుట వేరొక శాస్త్రము. మొదటి చిక్కు ఆస్మియము. లోకమందలి ఆస్మియమునంతయు కొన్నను నాలుగు కార్ఖానాలకు చాలదు. మిట్టాష్ వేలకొలది మిశ్రమములను పరీక్షించి, స్వీడను దేశపు ఇనుపరాతిలో కొన్ని మలినములుండుటచే అది చక్కగా పనిచేయుచున్నదని కనిపెట్టి, అల్యూమినియము, పొటాషియము క్షారములు కొలదిగా చేర్చిన ఇనుము ఆస్మియమునకు బదులు చాలునని తేల్చెను. ఆ ఉత్ప్రేరకమే కొద్దిపాటి మార్పులతో నేటికిని వాడుకలో నున్నది.

రెండవ చిక్కు ఇంకను గడ్డుది. అంతటి వేడికి, ఒత్తిడికి తాళునని చేయించిన ఉక్కు గొట్టములు సుమారు 80 గంటలు పనిచేసి భళ్ళున పగిలినవి. పగులునని ముందే యెంచి వానిని కాంక్రీటు గోడల మధ్య నుంచుటచే ప్రాణహాని తప్పినది. మరియొకరైనచో ఇంకను దళసరి ఉక్కు తెప్పించియుందురు. బాష్ పగిలిన ఉక్కు ముక్కను తరచి చూచెను. ఉక్కునకు గట్టిదనమిచ్చునది అందలి కర్బనము. వేడియెక్కిన ఉదజని ఉక్కులోనికి దూరి ఆ కర్బనమును లాగివేయుచున్నది. ఉక్కు పైకి నిండుగ కనుపించుచునే లోన పెళుసుబారుచున్నది. దళసరి పెంచిన లాభము లేదు. అందుచే ఆయన ఒకే లోహము మోయవలసిన రెండు బరువులను రెండింటికి పంచిపెట్టెను. లోపల కర్బనము లేని మెత్తని ఇనుపతొడుగు. ఉదజని దానిలోనుండి కారినను చెరచుటకు అందేమియు లేదు. వెలుపల ఒత్తిడి మోయు ఉక్కుకవచము. దానికి సన్నని బెజ్జములు. తొడుగుగుండ చెమర్చిన ఉదజని ఆ బెజ్జములగుండ వెలికి పోవునే గాని ఉక్కును కొరుకజాలదు. కారకుండ ఆపుట అసాధ్యమైనప్పుడు కారనిచ్చి కీడు తప్పించిన ఈ ఉపాయము వినుటకెంత సులభమో తట్టుటకంత దుర్లభము. ఉష్ణమును, ఒత్తిడిని, వాయుప్రవాహమును కొలుచు సాధనములు, పెద్ద పంపులు, ఎక్కడ పగిలినను తక్షణమే మూసికొను తలుపులు, సమస్తమును క్రొత్తగా కల్పింపవలసివచ్చెను.

లుడ్విగ్స్‌హాఫెన్‌నకు ఉత్తరమున ఒప్పౌ అను గ్రామమున 1912లో పునాదులు త్రవ్వి, 1913 సెప్టెంబరులో కార్ఖానా నడపిరి. దినమునకు సుమారు 30 టన్నుల అమ్మోనియా లెక్కన అది పని ప్రారంభించినది. గాలి ఎరువై రైతు చేనికి చేరినది. ఒక్క యేడు గడువకుండ 1914లో యుద్ధము వచ్చినది. ఇంగ్లీషు నౌకలు సముద్రమును దిగ్బంధింపగా చిలీ సురేకారము రాక నిలిచెను. మందుగుండు లేనిదే సేనలు నిలువవు. నత్రికామ్లము లేనిదే మందుగుండు లేదు. అమ్మోనియానుండి నత్రికామ్లమును తీసి యిత్తునని బాష్ ప్రభుత్వమునకు మాట యిచ్చి, 1915 మే నాటికి ఆ మాట చెల్లించెను. ఆ నెలలోనే ఫ్రెంచి విమానములు వచ్చి ఆ కార్ఖానాలపై బాంబులు వేసెను. విమానములకందని దూరమున, మధ్య జర్మనీలోని లొయ్నాలో, ఒప్పౌను మించిన కార్ఖానాను 1916లో మొదలిడి 1917 ఏప్రిలున నడపిరి. గాలిలోని నత్రజని ఆ యుద్ధమును ఎన్ని మాసములు పొడిగించెనో, ఎందరి ప్రాణములు అందుచే పోయెనో లెక్కగట్టుట కష్టము. బాష్ జీవితమున నిది మొదటి మచ్చ యనవలెను. దేశభక్తి పేర ఆయన దానిని కప్పుకొనెను.

1919లో వెర్సేల్స్ సంధిచర్చలకు పోయిన జర్మను ప్రతినిధులలో బాష్ ఒకడు. విజేతలు ఒప్పౌ, లొయ్నా కార్ఖానాలను ఆయుధశాలలుగా నెంచి కూల్పదలచిరి. బాష్ ఒక రాత్రి కావలివారి కన్నుగప్పి, గోడదూకి పోయి, ఫ్రెంచి రసాయన పరిశ్రమ పెద్దనొకనిని కలిసికొని బేరమాడెనని చెప్పుదురు. అమ్మోనియా రహస్యమును ఫ్రెంచివారికి నేర్పునట్లును, వారు కార్ఖానాలను కూల్పకుండునట్లును ఒడంబడిక కుదిరినది. ఆ ఒడంబడిక ఫలితముగా ఫ్రాన్సు ప్రభుత్వము 1924లో తూలూజ్ నగరమున నత్రజని కార్ఖానాను స్థాపించెను. ఆ ఊరి పేరు మరల రాగలదు.

యుద్ధానంతరము కార్ఖానాలు మరల ఎరువులకు మరలినవి. దేశమున ఆకలి, ఎరువు ఎంత చేసిన అంత చెల్లును. అమ్మోనియం సల్ఫేటు, అమ్మోనియం నైట్రేటు అను రెండు ఉప్పులను ఇంచుమించు సమపాళ్ళలో కలిపిన ఎరువు ఒప్పౌలో తయారగుచుండెను. వట్టి నైట్రేటు గాలిలోని చెమ్మను పీల్చి నీరుగారును; పేలునను భయమును కలదు. సల్ఫేటు కలిపినచో ఆ దోషములు తగ్గునని భావించిరి. కాని ఆ మిశ్రమమునకు వేరొక గుణము కలదు. గిడ్డంగిలో రాశిపోసిన కొలదినాళ్ళకే అది తన బరువుచే తానే బిగిసి రాయివలె గడ్డకట్టును. గునపములతో అడుగుభాగమును త్రవ్వినచో పైగుట్ట విరిగి కూలివారి మీద పడును. అందుచే రాతిగనులలోవలె ఆ గుట్టకు బెజ్జములు తొలిచి, చిన్న తూటాలు పెట్టి పేల్చి, గడ్డను సడలించుచుండిరి.

వినువారికి ఇది ఉన్మత్తుల పనిగా తోచవచ్చును. కాని వారు పరీక్షలు చేసియే పూనుకొనిరి. నైట్రేటు పాలు నూటికి 60కి మించనిచో మిశ్రమము పేలదని ప్రయోగములు తేల్చినవి. ఆపై ఇరువదివేలకు మించిన పర్యాయములు తూటాలు పేల్చిరి. ఒక్కమారైనను కీడు మూడలేదు. 1921 జూలై 26న సైలీషియాలోని క్రీవాల్డ్ అనుచోట రైలుపెట్టెలలో గడ్డకట్టిన అమ్మోనియం నైట్రేటును ఇట్లే తూటాలతో విడదీయబోగా అది పేలి 19 మంది మరణించిరి. అది వట్టి నైట్రేటు, మనది మిశ్రమము అని ఒప్పౌవారు సమాధానపడిరి కాబోలు.

1921 సెప్టెంబరు 21, బుధవారము. ఉదయము 7 గంటల 32 నిమిషములు. 110వ నెంబరు గిడ్డంగిలో 4,500 టన్నుల ఎరువు కలదు. పనివారు ఎప్పటివలె తూటాలు పేల్చిరి. క్షణముల వ్యవధిలో రెండు విస్ఫోటనములు. మొదటిది చిన్నది, రెండవది ప్రళయము. గిడ్డంగి యున్నచోట 125 మీటర్ల పొడవు, 90 మీటర్ల వెడల్పు, సుమారు 19 మీటర్ల లోతుగల గొయ్యి మిగిలెను. ఒప్పౌ గ్రామమున నూటికి 80 ఇండ్లు నేలమట్టమైనవి. 561 మంది మరణించిరి. రెండువేలకు పైగా గాయపడిరి. 6,500 మందికి నిలువనీడ లేకపోయెను. దూరమందున్న హైడెల్‌బెర్గులో కిటికీ అద్దములు పగిలినవి. 300 కిలోమీటర్ల దూరముననున్న మ్యూనిక్‌లో ధ్వని వినవచ్చెను. ఇంతయు చేసినది ఆ గుట్టలో పదవవంతు మాత్రమేనని తరువాతి లెక్కలు. తక్కినది పేలక చెదరిపోయెను.

తూటా పెట్టిన చేతులును, చూచిన కన్నులును మిగులకపోవుటచే నాటి విచారణలు తుదినిర్ణయమునకు రాలేకపోయినవి. తరువాతి పరిశీలనలలో ఒక సంగతి వెల్లడియైనది. ప్రమాదమునకు కొలదిమాసముల ముందు ఎరువును ఆరబెట్టు పద్ధతి మారినది. ద్రావణమును తుంపరలుగా చిమ్మి ఆరబెట్టుటచే తేమ నూటికి 4 పాళ్ళనుండి 2కు తగ్గెను. పొడి సన్ననై తేలికయ్యెను. నైట్రేటు పాలు హెచ్చిన పొడి గుట్టలో అక్కడక్కడ పోగుపడెను. పేరు ఒకటే, రంగు ఒకటే. పదార్థము మాత్రము పాతది కాదు. ఇరువదివేల తూటాల అనుభవము పాతపొడికి చెందినది. కొత్తపొడిని పాతపరీక్షల బలముతో నమ్మిరి. ఇరువదియొక్క యేండ్లకు ముందు ఆస్ట్వాల్డ్ ఇనుమును అనుమానించిన ప్రశ్నవంటిదొకటి ఆ వేసవిలో ఎవరైన వేసియుండినచో ఆ ఊరు నిలిచియుండెడిది. వేయవలసిన స్థానమున నున్న సంస్థకు 1919 నుండి అధిపతి బాష్.

సెప్టెంబరు 25న లుడ్విగ్స్‌హాఫెన్ శ్మశానవాటికలో సంతాపసభ జరిగెను. రాష్ట్రాధ్యక్షుడగు ఎబర్ట్ వచ్చెను. బాష్ మృతుల శవపేటికలయెదుట నిలిచి ప్రసంగించెను. కోట్లమందికి అన్నము పెట్టదలచిన వస్తువే తాము గ్రహింపజాలని హేతువుచే వైరియై మీద పడినదని ఆయన చెప్పిన మాటల సారము. సహజముగా మితభాషి, సభలన్న తప్పించుకొనువాడు. ఆ ప్రసంగానంతరము జబ్బుపడి కొన్ని మాసములు ఎవరికిని కనుపించలేదు. కార్ఖానాను మరల కట్టు భారమును కార్ల్ క్రౌఖ్ అను యువకునకు ఒప్పగించిరి. ఇతర సంస్థల పనివారిని వేలకొలది రప్పించి మూడు మాసములలో అతడు దానిని నడిపించెను. గొయ్యి పూడినంత త్వరగ బాష్ మనస్సు పూడలేదని ఆయన నెరిగినవారందురు. తరువాతి కాలమున ఆయనను వదలక పట్టిన మనోవ్యాధికి, మద్యపానమునకు ఇది మొదలు కావచ్చును.

ఇంతకును ఆ ఉప్పు స్వభావమేమి? అమ్మోనియం నైట్రేటు అణువులో మండునదియు, మండించునదియు ఒకే కప్పుక్రింద కాపురముండును. ఆరుబయట శుభ్రముగ నున్న కుప్పకు నిప్పు తగిలినచో సామాన్యముగ అది 170 డిగ్రీల ప్రాంతమున కరగి, పొగలు చిమ్మును గాని పేలదు. నూనె, రంపపుపొట్టు, కాగితము వంటివి కలసినప్పుడును, మూసినచోట వేడి చిక్కుపడినప్పుడును, బలమైన తూటా దెబ్బ తగిలినప్పుడును ఒక్కపెట్టున వాయువుగా మారును. కావున దానిని ఇతర దాహ్యవస్తువులకు దూరముగ, గాలి ఆడునట్లు, కొలదికొలది కుప్పలుగ నుంచవలెను. నిప్పు పుట్టినచో తలుపులు తెరచి, నీరు పుష్కలముగ పోయవలెనే గాని ఊపిరాడకుండ మూయరాదు. నిప్పు ముదిరినచో మనుష్యులు దూరముగ తొలగవలెను. గడ్డకట్టిన దానికి తూటా పెట్టరాదన్నది ఒప్పౌ నేర్పిన పాఠము.

మూయరాదన్న పాఠమును వేరొక ఊరు నేర్పెను. 1947 ఏప్రిలు 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవున గ్రాండ్‌కాంప్ అను ఓడలో, రెండువేల టన్నులకు మించిన ఈ ఎరువున్న గదిలో నిప్పు పుట్టెను. సరకు తడిసి చెడునని నీరు పోయక, మూతలు బిగించి ఆవిరి వదలిరి. ఆ ఉప్పు ఊపిరికై బయటిగాలిని ఆశించునది కాదు. ఊపిరి దానిలోనే యున్నది. ఓడ పేలి, దానివెంట మరొక ఓడ పేలి, కనీసము 581 మంది మరణించిరి. 2020 ఆగస్టు 4న బేరూతు రేవున సంవత్సరముల తరబడి దిక్కులేక పడియున్న 2,750 టన్నులు పేలి రెండువందలమందికి పైగా మరణించిరి. ఆ వార్త వినిన దినములలోనే, చెన్నపట్టణము చేరువ మనలిలో 2015 నుండి కస్టమ్సువారి స్వాధీనమున పడియున్న సుమారు 700 టన్నుల సంగతి బయటపడి, దానిని లారీలకెత్తి హైదరాబాదునకు తరలించిరి. మన దేశమున నూటికి 45 పాళ్ళకు మించి అమ్మోనియం నైట్రేటు గల మిశ్రమమును 2011లో పేలుడుపదార్థముల పట్టికలో చేర్చి, 2012లో ప్రత్యేక నియమములు చేసిరి.

తూలూజ్ సంగతి చెప్పవలసియున్నది. బాష్ గోడదూకిన ఫలితముగా పుట్టిన ఆ కార్ఖానాలో 2001వ సంవత్సరమున సుమారు 300 టన్నుల అమ్మోనియం నైట్రేటు పేలి 31 మంది మరణించిరి. ఆ దినము సెప్టెంబరు 21. ఒప్పౌ విస్ఫోటనమునకు సరిగా 80 ఏండ్లు.

బాష్ కోలుకొని పనిలోనికి వచ్చెను. 1925లో జర్మనీలోని పెద్ద రసాయన సంస్థలన్నియు కలసి ఐ.జి. ఫార్బెన్ అను మహాసంస్థగా నేర్పడగా ఆయనయే దానికి అధిపతి. అధికపీడన విధానములను పెంపొందించినందులకు 1931లో బెర్గియుస్‌తో కూడ నోబెలు బహుమానము లభించెను. ఆ బెర్గియుస్ కనిపెట్టిన, బొగ్గునుండి పెట్రోలు తీయు విద్యకై లొయ్నాలో అపారధనము కుమ్మరించి బాష్ సంస్థను అప్పుల అంచునకు తెచ్చెను. ఆ పెట్రోలే ఆయనను హిట్లరు వాకిటికి ఈడ్చినది. ప్రభుత్వము ధరకు పూచీపడునట్లు 1933 డిసెంబరులో ఒడంబడిక జరిగెను. నాజీలను మనసార ఏవగించుకొనినవాడే వారి విమానములకు, బండ్లకు ఇంధనము సమకూర్చు కార్ఖానాను నిలుపుకొనెను. దీనిని క్షమింపవచ్చునేమో గాని కప్పిపుచ్చరాదు.

ఆ యేడే ఆయన హిట్లరును చూడబోయి, యూదులగు శాస్త్రజ్ఞులను వెడలగొట్టినచో జర్మనీలో భౌతిక రసాయనశాస్త్రములు నూరేండ్లు వెనుకబడునని చెప్పెనట. అట్లైన నూరేండ్లు ఆ శాస్త్రములు లేకయే గడుపుదుమని సమాధానము వచ్చెనని ప్రతీతి. ఆయనకు మరల దర్శనము దొరకలేదు. యూదుడగు హేబర్ దేశము విడిచి 1934 జనవరిలో బాసెల్‌లో దిక్కులేనివానివలె మరణించెను. మరుసటి జనవరి 29న మాక్స్ ప్లాంక్ బెర్లినులో సంస్మరణసభ కూర్చెను. ప్రభుత్వోద్యోగులు పోరాదని ఆజ్ఞ. బాష్ తాను పోవుటయే గాక తన సంస్థలోని పెద్దలను వెంట తీసికొనిపోయెను. జంటపేరులో సగమునకు తక్కిన సగము చెల్లించిన ఋణమది.

1935లో ఆయనను కార్యనిర్వహణమునుండి తప్పించి పర్యవేక్షక సంఘమునకు అధ్యక్షుని చేసిరి. 1937లో ప్లాంక్ తరువాత కైజర్ విల్‌హెల్మ్ సంఘాధ్యక్షపదవి వచ్చెను. ఇవి గౌరవములే గాని అధికారములు కావు. ఆయన మనస్సు వేరొకచోట నుండెను. హైడెల్‌బెర్గులోని తన యింట నక్షత్రములను చూచుటకు దూరదర్శినులు, గాజుపెట్టెలలో వేలకొలది పురుగులు, సీతాకోకచిలుకలు, బీరువాలనిండ ఖనిజములు. ఆ ఊరి జంతుప్రదర్శనశాల 1934లో ఆయన ప్రోద్బలముచే, ధనసహాయముచే వెలసెను. వ్యాపారవ్యవహారములు మాటాడుటకు వచ్చినవారికంటె పురుగులను చూపుమని వచ్చిన పిల్లవాడు ఆయనకు ప్రీతిపాత్రుడై యుండును.

1939 మే 7న మ్యూనిక్‌లోని జర్మను సంగ్రహాలయమున ఆయన ప్రసంగింపవలసియుండెను. త్రాగి వచ్చెను. శాస్త్రము స్వేచ్ఛలోనే వర్ధిల్లును, పాలకులు అందు చేయిపెట్టినచో దేశము చెడునను అర్థమున నాజీ పెద్దల యెదుటనే మాటాడెను. కొందరు లేచిపోయిరి. ఆయనను కొన్ని పదవులనుండి తొలగించిరి. త్రాగుడు లేక ఆ ధైర్యము వచ్చెడిదా అని సందేహింపవచ్చును. చెప్పిన మాట మాత్రము త్రాగుబోతుమాట కాదు. నాటినుండి ఆయన చీకటిలో మునిగెను. ఒకసారి ప్రాణత్యాగమునకు యత్నించెను. 1940 తొలినాళ్ళలో ఆరోగ్యమునకై సిసిలీ ద్వీపము పోవునప్పుడు ఒక చీమలపుట్టను వెంటగొనిపోయెనట.

ఏప్రిలు 26న హైడెల్‌బెర్గున మరణించెను. వయస్సు 65. ఫ్రాన్సు పడిపోవుననియు, కాని తుదకు జర్మనీయే తన నగరములతో కార్ఖానాలతో సహా నాశనమగుననియు మరణశయ్యపై వైద్యునితో చెప్పినట్లు వినికిడి. ఫ్రాన్సు ఆ వేసవిలోనే పడిపోయెను. లొయ్నాపై 1944 మే నుండి బాంబులు పడినవి. ఒప్పౌను మూడు మాసములలో లేపిన క్రౌఖ్ బాష్ పీఠమునెక్కి, 1948లో న్యూరెంబెర్గు న్యాయస్థానమున శిక్ష పొందెను. బాష్ కూర్చిన ఖనిజములు సముద్రము దాటి వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంగ్రహాలయమును చేరినవి. ఆయన సమాధి హైడెల్‌బెర్గులోని కొండవాలు శ్మశానమున నున్నది.